తెల్లవాళ్ళ తరఫు కుర్చీ

"మీరు రాకపోతే ఈ పూట కమిటీయే నడిచేది కాదు ప్రొఫెసర్ గారూ. తెల్లవాళ్ళ తరఫున కూర్చోవలసినావిడకి జ్వరమట. మీరొచ్చి బతికించారు," అన్నాడు కమిటీ నడిపే ఎవర్టన్, తలుపు దగ్గరే నా చేతికి కాఫీ అందిస్తూ, జల్లు కొడుతోంది ఆ కిటికీ మూసెయ్యండి అన్నంత మామూలుగా. నేను "దానిదేముంది నాయనా" అన్నాను. నోటికి అలవాటైన మర్యాద మనిషి చేత ఏమైనా అనిపిస్తుంది. ఆ మాట చెవిలోంచి లోపలికి దిగేలోపే కుర్చీలో కూర్చున్నాను, కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది, ఇంక ఎవరూ మాట్లాడటానికి వీల్లేదు. ఆ నియమం రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కమిటీలో ఐదుగురుండాలి, ఐదుగురూ ఒకే రంగువాళ్ళు కాకూడదు, నల్లవాళ్ళూ చామనఛాయవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ ఉండాలి, రిజర్వేషన్ సీటు కోరి వచ్చిన పిల్లల్ని ప్రశ్నలు వెయ్యకూడదు, చూడాలి, అంతే. ఆ పిల్లలు ఒక్కొక్కళ్ళుగా వచ్చి నేల మీద అంటించిన పసుపు టేపు వెనక నిలబడి, తాము నల్లజాతివాళ్ళమని ఒక వాక్యం చదివి వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక మేము అవుననో కాదనో చెప్పాలి. ఒట్టి మాట నమ్మి సీట్లు ఇస్తున్న రోజుల్లో నీలికళ్ళ డాక్టర్ల కొడుకులు కూడా మా ముత్తవ్వ నల్లదండీ అంటూ వచ్చి మెడిసిన్‌లో కూర్చున్నారు. ముత్తవ్వలతో మనకేం పని, ఎదురుగా ఉన్న మొహాన్ని చూడండి, వీధిలో పోలీసు చూసేది ముత్తవ్వనా మొహాన్నా అని దేశ రాజధాని బ్రెజీలియాలో గొంతు చించుకున్నది నేనే. ఇప్పుడు ఆ నియమం ప్రకారమే ఎవరో నా మొహాన్ని చూశారు. చూసి, తెల్లవాళ్ళ తరఫు కుర్చీ చూపించారు.

పొరపాటయి ఉంటుంది. ఎవర్టన్ పొద్దుటినుంచీ ఉరుకులు పరుగుల మీద ఉన్నాడు, ఒకరి మాట ఇంకొకరితో అనేసి ఉంటాడు. కానీ పొరపాటు చేసిన మనిషి మొహంలో ఒక తడబాటు ఉంటుంది, అతని మొహంలో అదేమీ లేదే. ఏళ్ళ తరబడి మనుషుల మొహాలు చూస్తూ ఇంటర్వ్యూలు చేసినదాన్ని, అబద్ధం చెప్పేవాడి కంటే నిజాన్ని మామూలుగా చెప్పేవాడే ఎక్కువ భయపెడతాడని నాకు తెలుసు. పైగా ఎవర్టన్ నా పుస్తకాలు చదువుకుని పైకొచ్చిన కుర్రాడు, మా అందరికీ గురువని నలుగురిలో నన్ను పరిచయం చేస్తాడు. ఆ పుస్తకాల్లో నేను పేజీ పేజీకీ 'మేము' అని రాశాను, మా పిల్లలు, మా జీతాలు, మా చావులు అని రాశాను. అది చదువుతూ ఇతను ఏమనుకుని ఉంటాడు? పెద్దమనసు గల తెల్లావిడ, మమ్మల్ని కలుపుకుని మాట్లాడుతోంది పాపం అనుకున్నాడా? గేటు దగ్గర కాపలావాడు కూడా ఇవాళ నా కార్డు అడగలేదు. ముసలిదాన్నని వదిలేశాడనుకున్నాను. నా వెనకే వచ్చిన నా స్నేహితురాలు మరినాల్వని మాత్రం ఆపాడు, ఆమె సంచి తెరిచి చూపించి మరీ వచ్చింది. ఆమెకీ నా వయసే కదా. ఇది ఇప్పుడెందుకు గుర్తొస్తోంది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇక్కడ కూర్చుని నన్ను నేను తడుముకుంటున్నాను.

మొదటి కుర్రాడు వచ్చి చదివి వెళ్ళాడు, అతని మీద ఎవరికీ ఏ సందేహమూ కలగలేదు, అందరం అవునన్నాం. అవునన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను చెప్పే అవును ఏ తరఫు అవును? నా ఎడమపక్కన మరినాల్వ కూర్చుని ఉంది, చీకటిలాంటి నలుపు, తెల్లబడ్డ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే మహారాణిలా ఉంటుంది, నలభై ఏళ్ళ స్నేహం మాది. ఆమె వైపు చూడాలని ఉంది, ఎవర్టన్ మాట విన్నావా అని కళ్ళతో అడగాలని ఉంది. విన్నదా? మేమిద్దరం కలిసే లోపలికి వచ్చాం, ఆమె నాకంటే ఒక అడుగు వెనక ఉంది, వినపడకుండా ఉండటానికి వీల్లేదు. వింటే నవ్వాలి. ఎవరైనా ఇలాంటి మతిలేని మాట అంటే మరినాల్వ పగలబడి నవ్వే మనిషి, ఏమిటయ్యా నీకు కళ్ళద్దాలు కావాలా అని అక్కడికక్కడే దులిపేసే మనిషి. నవ్వలేదు. కాఫీలో చక్కెర ఎక్కువైందంది. అనుమానం పెనుభూతం అంటారు, కానీ భూతాన్ని చూసినవాడికే కదా తెలిసేది అది ఎంత నిజంగా ఉంటుందో.

మా ఊరు కషొయీరాలో మా అమ్మమ్మ ప్రతి ఉదయం నా ముక్కు నొక్కేది. వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని, ముక్కు దూలం మీంచి కిందికి, కిందికి, నొప్పి పుట్టి నేను ఏడ్చేదాకా. సన్నబడాలి, సన్నబడితే మొగుడొస్తాడు అనేది. శనివారం పూట పొయ్యి మీద ఇనప దువ్వెన కాల్చి జుట్టు సాగదీసేది, కాలిన జుట్టు వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది, ఆమె నొక్కీ నొక్కీ సన్నం చేసిన ఆ ముక్కులోనే. అమ్మమ్మ మరినాల్వ అంత నలుపు. మా అమ్మ ఆవిడ కంటే ఒక ఛాయ తక్కువ, నేను అమ్మ కంటే రెండు ఛాయలు తక్కువ. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా వంశాన్ని కడిగేసింది చూడండి ఈ పిల్ల" అనేది గర్వంగా, మరకపడ్డ దుప్పటిని నదిలో ఉతికి ఆరేసినట్టు. జనాభా లెక్కలవాడు వచ్చి పిల్ల రంగేమిటని అడిగితే అమ్మ చామనఛాయ అంది, అమ్మమ్మ లోపల్నించి పరిగెత్తుకొచ్చి "కాదు బాబూ, తెల్లపిల్లే, ఎండకి తిరిగి అలా అయింది" అంది. వాడు ఏం రాసుకున్నాడో మాకు తెలియలేదు. అమ్మమ్మ బతికుండి ఇవాళ నన్ను ఈ కుర్చీలో చూస్తే కొవ్వొత్తి వెలిగించి మొక్కు తీర్చుకునేది. ఒంటి మీద ఇంత చెమటెందుకు పడుతోంది, ఏసీ ఇంత గోల పెడుతోంది కదా?

నేను నల్లదాన్నని నాకు చెప్పింది మా ఇంట్లోవాళ్ళు కాదు, దక్షిణాదిన కురిచీబాలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్. డాక్టరేట్ చదువుకోవడానికి వెళ్ళిన మొదటి వారం, చలికి వణుకుతూ పెట్టెతో లిఫ్టు ముందు నిలబడితే వాడొచ్చి మర్యాదగా నా మోచెయ్యి పట్టుకుని, "పనివాళ్ళ లిఫ్టు వెనకాల ఉందమ్మా" అన్నాడు. వెనకాలకే వెళ్ళాను. అక్కడ చెత్త డబ్బాల పక్కన లిఫ్టు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒక రకమైన స్థిమితం కలిగింది, ఓహో నేను ఇదన్నమాట అని. అప్పటినుంచీ వెనక్కి తిరిగి చూడలేదు. జుట్టు సాగదీయడం మానేశాను. నా పరిశోధన మొత్తం ఆ చెత్త డబ్బాల దగ్గరే మొదలైంది. జనాభా లెక్కల్లో నలుపు ఒక గడి, చామనఛాయ ఇంకో గడి, కానీ జీతాలు చూసినా బడి మానేసినవాళ్ళని చూసినా తూటాలకి పోయిన కుర్రాళ్ళని చూసినా ఆ రెండు గళ్ళూ పక్కపక్కనే ఉంటాయి, తెల్లగడి ఎక్కడో దూరాన ఉంటుంది. అందుకని ఆ రెంటినీ కలిపి నల్లవాళ్ళనే ఒక్క పేరుతో లెక్కపెట్టాలని వాదించినవాళ్ళలో నేనొకదాన్ని. మీటింగుల్లో, మంత్రుల గదుల్లో, విమానాల్లో పక్క సీటువాడితో కూడా వాదించాను. రిజర్వేషన్ చట్టం నిలబడ్డది ఆ కూడిక మీదే, ఆ కూడికే నా జీవితం. ఇప్పుడు ఆ కూడికలో నేను లేనంటున్నారు. పనివాళ్ళ లిఫ్టు సంగతి ఉపన్యాసాల్లో చెప్పినప్పుడల్లా హాలంతా నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దాన్ని నేను బాధ అనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న నల్ల ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు, అదిప్పుడు కళ్ళకి కడుతోంది. ఈవిడకి ఒక్క లిఫ్టేనా అని చూసుకునేవాళ్ళేమో.

మా రాష్ట్రం పేరు పెట్టి, బహియా తెల్లవాళ్ళని ఒక మాట ఉంది మా దగ్గర. ఇక్కడ సాల్వదోర్‌లో తెల్లగా చెలామణీ అవుతారు, రాష్ట్రం దాటగానే నల్లవాళ్ళయిపోతారు. ఆ మాట మీద ఎన్నోసార్లు జోకులేశాను, వ్యాసం కూడా రాశాను, రాస్తున్నప్పుడు మాత్రం ఎవరో ముక్కూ మొహం లేని జనం గురించి రాశాను. రెండో పిల్ల వచ్చింది, మూడో అబ్బాయి వచ్చాడు. ఆ అబ్బాయి మెడ దగ్గర చర్మం ఒక రంగు, మొహం ఇంకో రంగు, మూడు వారాలు సముద్రపు ఒడ్డున నూనె రాసుకుని పడుకుని ఉంటాడు, నలుగురు కాదన్నారు, నేనూ కాదన్నాను. అతను మాత్రం బయటికి పోతూ నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. నా వైపే. మన మనిషి ఒకామె ఉందిలే అనుకున్నాడా? వీడికి కూడా తెలుసా?

మరినాల్వ ఇప్పుడు కాళ్ళు మార్చి కూర్చుంది. బ్రెజీలియాలో మేమిద్దరం జంటగా తిరిగిన రోజుల్లో హోటల్లో తాళంచెవి నా చేతికిచ్చి, ఆమెని మాత్రం "ఏ అంతస్తులో పనిచేస్తున్నావు?" అని అడిగింది రిసెప్షన్ పిల్ల. నేను అక్కడే గొడవ పెట్టుకున్నాను, మేనేజరుని పిలిపించాను, తరవాత గదిలో ఇద్దరం నవ్వుకున్నాం. నేను నవ్వాను. ఆమె నవ్విందా? స్నానానికి వెళ్ళి చాలాసేపు రాలేదని గుర్తు. మంత్రి దగ్గరికి పోయే ముందు ప్రతిసారీ "నువ్వే మాట్లాడవే జసీరా, నీ మాటయితే వింటారు" అనేది. లెక్కల్లో నాకంటే దిట్ట, వాదనలో నాకంటే పదును, అయినా నన్నే ముందుకు తోసేది. నా గొంతు బాగుంటుందని, నాకు ఓపిక ఎక్కువని అనుకునేదాన్ని, లోలోపల పొంగిపోయేదాన్ని కూడా. మంత్రి నా వైపు చూసి మాట్లాడేవాడు, ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు మాత్రం ఆమె వైపు చూసేవాడు. సలహాదారు పదవి నాకొచ్చింది. ఆమె ఇక్కడే పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. రంగు వల్ల ఎవరు ఎంత ఎత్తుకి పోతారో దేశానికంతా లెక్కగట్టి చూపించిన మేమిద్దరం, మా ఇద్దరి మధ్య ఆ లెక్క ఎప్పుడూ కట్టలేదు. ఆమె కట్టి ఉంటుందా? నాకు చెప్పకుండా, ఇన్నేళ్ళూ? ఈ కుర్చీకి నా పేరు చెప్పింది ఆమేనా? పొద్దున్నే ఫోన్ చేసింది ఆమే కదా, ఒక మనిషి తక్కువయ్యారు వస్తావా అని. ఏ మనిషి తక్కువయ్యారో చెప్పలేదు. నేనూ అడగలేదు, నాకెందుకు తోస్తుంది అడగాలని.

కింద అకరాజే గారెల బండి దగ్గర నూనె కాగిన వాసన కిటికీ సందుల్లోంచి వస్తోంది. తలుపు తీశారు. తైనారా అని పేరు చదివాడు ఎవర్టన్. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న పిల్ల వచ్చి పసుపు టేపు వెనక నిలబడింది. నేనే. పద్దెనిమిదేళ్ళ నేను. అదే నుదురు, అదే దవడ, పైపెదవి కొంచెం లావు, కాల్చని జుట్టు చెవుల మీదికి రింగులు రింగులుగా, చర్మం పాలెక్కువైన కాఫీ రంగు. వాక్యం చదవడం మొదలుపెట్టింది, మధ్యలో తప్పు చదివి మళ్ళీ మొదటినుంచీ చదివింది. నల్లజాతికి చెందిన చామనఛాయ మనిషినని ప్రకటించుకుంటున్నాను అంది. ఆమె మీద జాలి కలగాలి, కలిగింది కూడా, కానీ దాని వెనకాలే నా పాడుబుద్ధి ఆమె మెడ వెతికింది, మణికట్టు దగ్గర గడియారం తీసిన చోట తెల్ల గీత ఉందా అని చూసింది, జుట్టుకి ఈ వారమే రింగులు పెట్టించుకుందా అని చూసింది. లేవు. పుట్టిన రంగే అది. అయితే ఇప్పుడు ఈ నలుగురూ ఏమంటారు? కాదంటే ఆ పిల్ల మెడిసిన్ సీటు పోతుంది, ఇంకో ఏడాది చదివి మళ్ళీ రావాలి, వచ్చినా ఇదే మొహంతో రావాలి. ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. ఆ పిల్లని కాదన్నారంటే నన్నూ కాదన్నట్టే, అప్పుడు ఎవర్టన్‌ది పొరపాటు కాదు, నా పుస్తకాల్లో 'మేము' అన్న చోటల్లా పట్టుబడిపోయినట్టే. అవునన్నారంటే నేను బతికిపోతాను. ఒక పిల్ల బతుకు తూచవలసిన చోట నా బతుకు కూడా తెచ్చి అదే తక్కెడలో పెట్టాను, సిగ్గులేదా నాకు అనుకున్నాను. అనుకుని కూడా తియ్యలేదు.

ఆమె వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. ఎవర్టన్ అవతలి చివరినుంచి అడగడం మొదలుపెట్టాడు. చివర కూర్చున్న లా విద్యార్థిని అవునంది. ఆమె పక్కన ఆఫీసు ఉద్యోగి, ఇంతవరకూ అందరికంటే కటువుగా ఉన్న మనిషి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, అవునన్నాడు. "నాదీ అవునే," అన్నాడు ఎవర్టన్. మరినాల్వ ఆలస్యం చేసింది. లేదు, నీళ్ళు తాగుతోంది. గ్లాసు కింద పెట్టి, "అవును. అందులో అడగడానికేముంది?" అంది. నా వంతొచ్చింది. నా అవును గదిలో అవసరమైనదానికంటే గట్టిగా వినిపించింది, ఎవర్టన్ తలెత్తి చూసి నవ్వాడు కూడా. నవ్వనీ. ఐదుకి ఐదు. ఎంత పిచ్చిదాన్ని, ఒక కుర్రాడు హడావుడిలో నోరుజారితే నలభై ఏళ్ళనీ తవ్విపోసుకున్నాను, మరినాల్వని, నా మరినాల్వని కూడా అనుమానించాను. పావుగంట విరామం అన్నాడు ఎవర్టన్. లేస్తుంటే మోకాళ్ళు నొప్పి పెట్టలేదు.

వరండాలో కాఫీ ఫ్లాస్కు దగ్గర మరినాల్వ నాకూ ఒక కప్పు తీసింది.

"ఏమే, మొహం అలా వెలిగిపోతోంది? లాటరీ తగిలిందా?" అంది.

"ఆ పిల్లని చూశావా?"

"ఏ పిల్లని?"

"తైనారా. ఆకుపచ్చ చొక్కా."

"చూడకుండా ఓటేస్తానా? బంగారం లాంటి పిల్ల. చూస్తూండు, రేప్పొద్దున మన మోకాళ్ళకి మందు రాసిచ్చేది అదే."

"అచ్చం నాలా లేదూ? ఆ వయసులో నేను అలాగే ఉండేదాన్ని."

మరినాల్వ కాఫీ వంపడం ఆపింది. నా మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళుగా నన్ను చూసిన చూపు కాదది, పొద్దుటినుంచీ లోపల పసుపు టేపు వెనక నిలబడ్డ పిల్లల్ని మేము చూస్తున్న చూపు. నుదురు చూసింది, జుట్టు చూసింది, ముక్కు చూసింది. ఆ తరవాత నవ్వేసింది, అందులో ఎకసెక్కం లేదు, ముద్దుగా నవ్వింది.

"నీలాగానా? ఎక్కడే?" అంది. "ఆ పిల్ల నల్లపిల్ల కదే."

నేను కప్పు పట్టుకుని నిలబడ్డాను. "ఎవర్టన్‌కి నా పేరు చెప్పింది నువ్వేనా?" అన్నాను.

"నేనే. ఇంకెవరి పేరు చెప్పను? పొద్దున్నే వాడు ఫోన్ చేసి తల బాదుకుంటున్నాడు, ఆవిడ రావడం లేదు, ఎవర్ని కూర్చోబెట్టమంటారు అని. కనపడ్డవాళ్ళనల్లా తెచ్చి కూర్చోబెడితే మన పిల్లల గతేం కాను?" మరినాల్వ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "నాకు నమ్మకమున్న తెల్లమనిషి నువ్వొక్కదానివే జసీరా. నీకు తెలియదా ఏమిటి?"

ఆమె కళ్ళలోకి చూశాను. దెప్పు కోసం వెతికాను, కసి కోసం, దాచుకున్న లెక్క కోసం వెతికాను, ఏదో ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని పోట్లాడదామని వెతికాను. ఏమీ లేదు. ఉన్నదంతా ప్రేమే, అనుమానించడానికి ఆవగింజంత చోటు లేకుండా. లోపల్నించి ఎవర్టన్ పిలుస్తున్నాడు, తరవాతి అబ్బాయి తలుపు దగ్గర చొక్కా సర్దుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మరినాల్వ నా కళ్ళు చూసి, తన మాటకి కరిగిపోయాననుకుని, నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది.